కథ అమ్మిపెడతామంటే 24,000 కట్టాను, రెండు స్టార్లు ఇస్తున్నాను

ముందే చెప్తున్నా, ఈ సర్వీసు పేరు రాయను. గొడవ ఇంకా తెగలేదు, సగం డబ్బులైనా వెనక్కి వస్తాయేమోనన్న ఆశ ఇంకా చావలేదు. అయినా హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్ చుట్టుపక్కల ఇలాంటివి ఇదొక్కటే కాదు కాబట్టి, మొదటి స్క్రిప్టు చంకలో పెట్టుకుని బస్సెక్కే వాళ్ళకి పేరు లేకపోయినా ఈ రివ్యూ పనికొస్తుంది.

నాది మిర్యాలగూడ, మెడికల్ షాపు. పగలంతా మందులు, రాత్రి షట్టర్ దించాక కథ, ఇలా రెండున్నరేళ్ళు రాశాను. కథేంటో చెప్పడానికి ఇప్పుడు నాకు భయం లేదు, రిజిస్టర్ అయింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలాల్లో తిరుగుతూ బోరు పాయింట్లు చూపించే ఒక పెద్దాయన. దేవరకొండ వైపు ఇలాంటి వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, చేతిలో కాయ లేచి నిటారుగా నిలబడితే కింద నీళ్ళున్నట్టు లెక్క. ఊరందరికీ పాయింట్లు పెట్టిన ఆ మనిషికి సొంత పొలంలో నాలుగు బోర్లు వేసినా చుక్క పడదు. ఐదోది వేయడానికి అప్పు చేసి బోరు బండి పిలిపిస్తాడు. ఆ ఒక్క రాత్రే సినిమా.

రాయడం అయిపోయాక అసలు టెన్షన్ మొదలైంది. దీన్ని ఎవరికి ఇవ్వాలి? యూట్యూబ్‌లో స్క్రిప్టు ఎలా అమ్మాలని వెతికితే వచ్చేదంతా లాస్ ఏంజెలెస్ ముచ్చట. ఏజెంటుకి ఉత్తరం రాయండి, మేనేజరుని పట్టుకోండి, పోటీలకి పంపండి. ఇక్కడ రచయితల తరఫున తిరిగే ఏజెంటు అనే మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఓటీటీకి నేరుగా పంపుదామా అంటే నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సంస్థలు బయటివాళ్ళు పంపిన కథని తెరవనే తెరవవు, నిర్మాత ద్వారానో ఏజెంటు ద్వారానో రావాలంటాయి. ఇక మన సినిమాల టైటిల్ కార్డు చూడండి, కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం అన్నింటికీ కలిపి తరచుగా ఒకటే పేరు. డైరెక్టర్ కావాలనుకునేవాడు తన కథ తానే రాసుకుని తిరిగే చోట, డైరెక్షన్ అక్కర్లేదు, కథ ఒక్కటే అమ్ముకుంటానని వచ్చినవాణ్ణి ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక రీల్ కనపడింది. మీ కథ మాకివ్వండి, నిర్మాత దగ్గరికి మేం తీసుకెళ్తాం అని. ఒక ఆదివారం షాపు మా బావమరిదికి అప్పజెప్పి, తెల్లవారుజాము బస్సుకి ఎల్బీనగర్, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి యూసుఫ్‌గూడలో దిగి, యాక్టింగ్ కోర్సుల పాంప్లెట్లు అంటించిన గోడలు చదువుకుంటూ వెళ్ళాను. మూడో అంతస్తు, చిన్న ఆఫీసు, గోడ నిండా పాత సినిమా పోస్టర్లు. వాటిలో వీళ్ళు చేసింది ఒక్కటీ లేదని నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. నడిపే కుర్రాడికి ముప్పై ఉంటాయేమో, మొదటి నిమిషం నుంచే నన్ను బ్రో అన్నాడు. అమెరికాలో ద బ్లాక్ లిస్ట్ ఉంది కదా బ్రో, మనది తెలుగు బ్లాక్ లిస్ట్ అన్నాడు. ఇంటికొచ్చాక అదేంటో చదివాను. 2005లో ఫ్రాంక్లిన్ లెనార్డ్ అనే ఆయన, ఆ ఏడాది చదివినవాటిలో ఇంకా సినిమాగా రాని మంచి స్క్రిప్టులేవో ఇండస్ట్రీలోని తోటివాళ్ళని అడిగి జాబితా వేయడంతో అది మొదలైంది, 2012 నుంచి రచయితలు డబ్బు కట్టి తమ స్క్రిప్టు చదివించుకునే వెబ్‌సైటు కూడా నడుస్తోంది. అక్కడ కూడా అందరికీ అదృష్టం పట్టదు కానీ, ఆ జాబితా పుట్టిందే చదివే ఉద్యోగం చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కాబట్టి. మన దగ్గర కథని చదివేవాళ్ళు తక్కువ, కథ వింటారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నా డబ్బుల్లో ముప్పావు వంతు మిగిలేది.

ప్యాకేజీలో మూడు ఐటమ్స్. స్క్రిప్టు డాక్టర్ రిపోర్టు (కథలో లోపాలు పట్టి చెప్పేది), పిచ్ డెక్ (నిర్మాతకి కథని పరిచయం చేసే స్లైడ్లు), ఆ తర్వాత మూడు కన్ఫర్మ్‌డ్ నెరేషన్లు, అంటే ముగ్గురు నిర్మాతలకి ఎదురుగా కూర్చుని కథ చెప్పే అవకాశం. దీనికి తోడు ఒక పూట నెరేషన్ ప్రాక్టీస్ ఫ్రీ అన్నారు. ఆ ఫ్రీ మాటని నేను పట్టించుకోలేదు, చివరికి పనికొచ్చింది అదొక్కటే.

రిపోర్టు సంగతి. పదకొండు పేజీలు పీడీఎఫ్‌లో వచ్చింది. మొదటి రెండు పేజీలు బాగానే ఉన్నాయి, మీ రచనలో మట్టి వాసన ఉంది అని. మట్టి వాసన అంటే ఎవరికి చేదు? నాలుగో పేజీలో, కార్తీక్‌కి తన లవ్ ఫెయిల్యూర్ నుంచి బయటపడే ఆర్క్, అంటే పాత్రలో వచ్చే మార్పు, ఇంకా బలంగా ఉండాలి అని రాశారు. నా కథలో కార్తీక్ లేడు. హీరోకి అరవై రెండేళ్ళు, పేరు యాదగిరి, ఆయన ఫెయిల్యూర్లన్నీ బోర్లే. ఫోన్ చేసి అడిగితే అది టైపింగ్ మిస్టేక్ బ్రో అన్నాడు. ఇంకో చోట పదో పేజీలోపు హుక్ (చూసేవాణ్ణి కట్టిపడేసేది) లేదు, ఇరవై ఐదో పేజీకి మలుపు రాలేదు అన్నారు. పేజీకి తెర మీద ఒక నిమిషం అనే ఆ లెక్క ఇంగ్లీషు స్క్రిప్టుది, కొరియర్ ఫాంటులో 12 పాయింట్ సైజులో, ఒక పద్ధతి ప్రకారం టైపు చేసిన పేజీది. మన దగ్గర పాత పద్ధతిలో పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు రాస్తారు. నాదీ అలాగే ఉంది, 164 పేజీలు. దాన్ని వాళ్ళ స్కేలుతో కొలిస్తే మలుపు ఎందుకొస్తుంది?

ఇక్కడ ఒక మాట పక్కకి వెళ్ళి చెప్పాలి. అదే వీధిలో ఒక డీటీపీ షాపు ఉంది, ఒకావిడ నడుపుతారు. నా చేతిరాత నోటుపుస్తకాలు మూడు చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, సీన్ నంబరు, చోటు, పగలా రాత్రా అన్నీ వాటి స్థానాల్లో పెట్టి, స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చారు. టైపు చేస్తూ చేస్తూ ముప్పై ఎనిమిదో సీన్ దగ్గర ఆగి, బాబూ, ఈ అమ్మాయి పొద్దున పెద్దపల్లి పోయిందన్నావు, రాత్రి ఇంట్లో ఎట్లుంది అనడిగారు. రిపోర్టు రాసిన స్క్రిప్టు డాక్టర్‌కి కనపడని తప్పు టైపు చేసే మనిషికి కనపడింది. ఆవిడకి ఐదు స్టార్లు. ఒకటే ఇబ్బంది, అక్కడ అను ఫాంట్స్‌లో టైపు చేస్తారు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలొస్తాయి. ఎవరికైనా పంపాలంటే పీడీఎఫ్ చేయించుకుని పంపండి, లేదా మొదటే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో కావాలని అడగండి. నేను అడక్కపోవడం వల్ల ఇప్పుడు ఒక సీన్ మార్చాలన్నా ఆవిడ దగ్గరికే పోవాలి.

పిచ్ డెక్ గురించి ఎక్కువ చెప్పను. ఇరవై స్లైడ్లు, మొత్తం ఇంగ్లీషు. ఊరు చూపించడానికి రాజస్థాన్ ఎడారి ఫొటో పెట్టారు, మూలన ఒంటె కూడా ఉంది. అదీ పర్లేదు. బోరు బండిని రిగ్ అంటారు కదా, దాన్ని నెట్‌లో కొట్టి, వచ్చిన మొదటి బొమ్మ దించి పెట్టేశారు. అది సముద్రంలో చమురు తీసే రిగ్. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు. నీళ్ళు లేని మనిషి కథకి అంతకంటే పెద్ద వెక్కిరింపు నేను రాయమన్నా రాయలేను. మా ఆవిడ అది చూసి పది నిమిషాలు నవ్వి, తర్వాత ఎంత కట్టావు అనడిగింది. అంకె చెప్పాక నవ్వు ఆగిపోయింది. కొబ్బరికాయకి నీళ్ళు తెలుస్తయంట గానీ నీకు మనుషులే తెల్వదు అంది.

ఇప్పుడు ఆ ఫ్రీ పూట సంగతి. ఈ సర్వీసులో పార్ట్ టైమ్‌గా ఒక పెద్దాయన ఉన్నారు. గుడివాడ వైపు మనిషి, ముప్పై ఏళ్ళు కో-డైరెక్టరుగా చేశారు, సొంతంగా సినిమా చేసే అవకాశం రాలేదు. ఆఫీసు పైన టెర్రస్ మీద ఒక రేకుల గది ఆయనది. వెళ్ళగానే నా బౌండ్ స్క్రిప్టు అందించాను, చదువుతారని. ఆయన దాన్ని తీసుకుని నేల మీద పెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. ప్రాణం చివుక్కుమంది. ఇంకా ఆ అట్ట మీద గుండ్రటి మరక అలాగే ఉంది.

చెప్పవయ్యా అన్నారు.

సీన్ నంబర్ ఒకటి, ఎక్స్‌టీరియర్, పొలం, తెల్లవారుజాము అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. మీ ఊళ్ళో ఎవరైనా నిన్న పొలంలో గొడవైందని చెప్పాలంటే ఎక్స్‌టీరియర్ పొలం అంటారా? మళ్ళీ చెప్పు. ఈసారి, యాదగిరి అనే ఒక రైతు, వయసు 62, అతనికి ఒక బాధ ఉంది అన్నాను. మళ్ళీ ఆపారు. బాధ ఉందని నువ్వు చెప్తే నేనెందుకు నమ్మాలి, ముందు అతను ఏం చేస్తున్నాడో చెప్పు. అప్పటికే నాకు చెమటలు. కింది నుంచి గ్లాసులు తీసుకుపోవడానికి టీ కుర్రాడు వచ్చాడు, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. ఆయన వాణ్ణి అక్కడే గడప మీద కూర్చోమన్నారు. నన్ను చూడకు, వాడికి చెప్పు అన్నారు.

వాడికి చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు విన్నాడు, ఐదో నిమిషంలో ఫోన్ తీశాడు. ఎక్కడ తీశాడో గుర్తుపెట్టుకో అన్నారు పెద్దాయన. అది యాదగిరి కొడుకు హైదరాబాద్‌లో ఏం ఉద్యోగం చేస్తున్నాడో నేను వివరించే చోటు. రాసేటప్పుడు నాకు చాలా ముద్దొచ్చిన సీన్. దాన్ని వదిలేసి నేరుగా బండి వచ్చే చోటికి దూకాను. కుర్రాడు ఫోన్ చూస్తూనే ఒక చెవి ఇటు పడేశాడు.

బోరు వేసేటప్పుడు చూసినవాళ్ళకి తెలుస్తుంది, పొడి రాయి పగులుతున్నంతసేపూ తెల్లటి దుమ్ము మేఘంలా లేస్తుంది, చెట్టూ మనిషీ అంతా బూడిద పూసినట్టు అవుతుంది. తడి తగలగానే ముందు ఆ దుమ్ము తగ్గుతుంది, బురద ముద్దలు పడతాయి, ఆ తర్వాత నీళ్ళు. నేను దాన్ని, అర్ధరాత్రి రెండింటికి ఒక్కసారిగా నీళ్ళు ఎగజిమ్ముతాయి సార్, బ్యాక్‌గ్రౌండ్‌లో మ్యూజిక్ అదిరిపోతుంది అని చెప్తున్నాను. పెద్దాయన కళ్ళు మూసుకున్నారు. నువ్వు నిజంగా ఎప్పుడైనా బోరు దగ్గర నిలబడ్డావా అనడిగారు. మా నాన్న మూడు వేయించాడు, నేను నిలబడే ఉన్నాను అన్నాను. మరి నీకు నీళ్ళు పడ్డాయని ముందు ఎలా తెలిసింది? దుమ్ము ఆగింది అన్నాను. అంతే, అది చెప్పు అన్నారు. నీళ్ళ మాట ఎత్తకు. దుమ్ము ఆగిందని చెప్పి నోరు మూసుకుని కూర్చో. మ్యూజిక్ సంగతి మ్యూజిక్ డైరెక్టర్ చూసుకుంటాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి మా నాన్న బోరు గుర్తుతెచ్చుకుని చెప్పాను, ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకుంటే కళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా మిగిలిపోవడం, డ్రైవరు ఇంకో యాభై అడుగులు దించమంటారా అనడగడం, అడుగుకి ఇంతని మనసులో లెక్కేసుకుంటూ మా నాన్న జవాబు చెప్పకపోవడం. దుమ్ము ఆగిపోయింది అన్నాను. సరిగ్గా అక్కడ పెద్దాయన ఇక చాలు అని లేచి, గ్లాసులు పట్టుకెళ్ళరా అన్నారు కుర్రాడితో. వాడు గ్లాసులు తీసుకుని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అన్నా, ఇంతకీ నీళ్ళు పడ్డయా లేవా అనడిగాడు.

పెద్దాయన నవ్వలేదు, శభాష్ అనలేదు. ఇంకో టీ తెప్పించారు. ఆ పూట నాలుగు గంటలు అక్కడే ఉన్నాను, 164 పేజీల కథ నలభై నిమిషాలకి, తర్వాత ఇరవైకి, ఆఖరికి బస్సులో పక్క సీటు మనిషికి చెప్పినట్టు ఐదు నిమిషాలకి దిగింది. ముందు ఐదు నిమిషాలది చెప్పాలట, వాళ్ళు ఇంకా చెప్పండి అంటేనే ఇరవై నిమిషాలది తీయాలట. చేతిలో కాగితం ఉంటే ఎదుటివాడి కళ్ళు కాగితం మీదకే పోతాయి, ఇంకెన్ని పేజీలున్నాయో లెక్కపెడతాడు, అందుకని బైండింగ్ బ్యాగులోంచి తీయొద్దన్నారు. అడిగినప్పుడు ఇవ్వడానికి మాత్రం రెడీగా ఉండాలి. అదీ ఆయన చెప్పిన పాఠం. దీనికి వాళ్ళు 24,000లో పైసా కూడా రాసుకోలేదు.

కన్ఫర్మ్‌డ్ నెరేషన్ల విషయానికొస్తే, మొదటిది కొంపల్లిలో ఒక రియల్ ఎస్టేట్ ఆయన ఆఫీసులో. కథ సగంలోనే ఆపి, పెద్దాయన పాత్ర ఎందుకండీ, ఆ కొబ్బరికాయ పట్టుకునేది కుర్రాడైతే మా వాడు చేస్తాడు, ఇప్పుడే యాక్టింగ్ కోర్సు అయింది అన్నారు. ఇంటర్వెల్‌కి నీళ్ళు పడాలి, సెకండాఫ్ ఫారిన్‌లో పెట్టుకుందాం అని కూడా అన్నారు. ఇంటర్వెల్‌కి నీళ్ళు పడాలన్నది నిజానికి చెత్త సలహా కాదు, తర్వాత రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను. ఫారిన్ సంగతి వదిలేయండి.

రెండోది అసలు నిర్మాత కాదు. ఒక కో-డైరెక్టర్. ఆయన నా కథ కొనడానికి రాలేదు, ఆయన చేస్తున్న ఇంకో కథకి సిట్టింగ్స్‌లో, అంటే కథా చర్చల్లో, కూర్చోవడానికి మనుషులు కావాలట. రోజు బత్తా ఇస్తాం, పేరు పడదు. అంటే ఘోస్ట్ రైటర్, రాసేది మనం, పేరు ఇంకొకరిది. తప్పుపట్టను, ఈ దారిలో పైకొచ్చినవాళ్ళు ఉన్నారు, కానీ దాన్ని నాకు నిర్మాతతో నెరేషన్ అని చెప్పి, దాని కోసం షాపు మూయించి, బస్సు ఛార్జీలు పెట్టించి రప్పించడమేంటి?

మూడోది జరగలేదు. రెండుసార్లు వాయిదా వేశారు, మూడోసారి నుంచి మెసేజ్‌కి నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. ఈ మధ్యలో జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న బ్యానర్ ఆఫీసులో నేను నిజమైన నెరేషన్ ఒకటి ఇచ్చాను, అది మాత్రం పెద్దాయన తన సొంత ఫోన్‌లోంచి మాట్లాడి ఇప్పించింది. సర్వీసు వాళ్ళు తర్వాత దాన్ని మా మూడోది అని లెక్కలో కలుపుకోబోయారు. అక్కడ కథలు వినే అమ్మాయికి ముప్పై లోపే ఉంటాయి. ఫోన్ బోర్లా పెట్టింది, దానికే సగం ప్రాణం లేచొచ్చింది. ఐదు నిమిషాలది చెప్పాను, ఇంకా చెప్పండి సార్ అంది. దుమ్ము ఆగిందని చెప్పి నోరు మూసుకున్నాను. ఆమె రాసుకుంటున్న పెన్ను ఆపి తలెత్తి చూసింది. ఆ చూపు కోసం ఇంకో 24,000 కట్టమన్నా కడతానేమో, మా ఆవిడకి చెప్పకండి.

తర్వాత రెండు ప్రశ్నలడిగింది. ఆ రాత్రి కూతురు అక్కడ ఎందుకుంది? నా దగ్గర జవాబు లేదు, ఉందంతే. రెండోది, డైరెక్టర్ ఎవరైనా ఉన్నారా? లేరన్నాను. కథ బాగుంది సార్, డైరెక్టర్‌తో వస్తే మళ్ళీ కూర్చుందాం అంది, చాలా మర్యాదగా. సరే అని తెలిసిన ఒక షార్ట్ ఫిల్మ్ డైరెక్టర్‌ని కలిస్తే, నిర్మాత ఉన్నాడా అన్నా అంటాడు. ఇంకొకాయన, హీరో డేట్లుంటే ఇద్దరూ వాళ్ళే వస్తారు అన్నాడు. హీరో మేనేజర్ ఏమో బ్యానర్ ఏదండీ అంటాడు. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు ఉంది వ్యవహారం.

ఇక అగ్రిమెంటు. డబ్బు కట్టేటప్పుడు ఆరు పేజీల కాగితం మీద సంతకం పెట్టమన్నారు, అదృష్టం కొద్దీ ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానన్నాను. మా బావమరిది నల్గొండలో వకీలు ప్రాక్టీస్ చేస్తాడు, నాకు షాపు చూసిపెట్టేది కూడా వాడే. కౌంటర్ వెనక నిలబడి చదివి, బావా, ఇందులో నువ్వు అమ్మేది ఏందో తెలుసా అన్నాడు. మూడేళ్ళలోపు ఈ కథ ఎవరికి అమ్మినా, వాళ్ళ ద్వారా కాకపోయినా, 20 శాతం వాళ్ళకి. స్టోరీ డెవలప్‌మెంట్ అని టైటిల్ కార్డులో పేరు. పైగా అన్ని రాయల్టీలూ, అంటే రచన వాడుకున్నప్పుడల్లా రచయితకి రావాల్సిన డబ్బు, వదులుకుంటున్నానని ఒక లైను. వాడు చెప్పింది ఏంటంటే, 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని అర్థం. అందుకే నిర్మాతల అగ్రిమెంట్లలో శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలన్నింటిలో అని అంత పొడుగ్గా రాసుకుంటారట. 2012లో చట్టం మార్చినప్పటి నుంచి, సినిమాలో వాడిన రచనని థియేటర్‌లో ఆ సినిమాతో పాటు చూపించడం కాకుండా ఇంకో రకంగా వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయిత వాటాని ఇలా ఒక్క లైనుతో రాయించుకోవడం కుదరదట. ఆ మూడు లైన్లూ కొట్టేసి సంతకం పెట్టి పంపాను. సర్వీసు కుర్రాడు ఒక్క మాట అనలేదు. అడిగితే తీసేస్తారు, అడగనివాళ్ళే ఎక్కువ అన్నమాట.

వాళ్ళు ఇంకో 5,000 ఇస్తే ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయిస్తామన్నారు. కట్టకండి. ఛాంబర్‌లో టైటిల్ నిర్మాత బ్యానర్ మీద పెట్టుకుంటారు, దానితో మీ కథకి కాపలా ఏమీ రాదు. కథ కోసమైతే కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో మనమే అప్లై చేసుకోవచ్చు, రచనకి ఫీజు 500, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత సర్టిఫికెట్‌కి నాకు నెలలు పట్టింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన రోజు నుంచే హక్కు మీది, రేపు గొడవైతే చేతిలో ఒక కాగితం ఉంటుంది అంతే. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ ఉంది, మెంబరైతే అక్కడా రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ రిజిస్టర్ అయ్యేది మీరు రాసింది మాత్రమే, మీ ఐడియా కాదు. 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది, ఒక నాటకాన్ని కాపీ కొట్టి సినిమా తీశారని వేసిన కేసు అది, ఐడియాకీ ఇతివృత్తానికీ కాపీరైట్ ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది అని. కొబ్బరికాయతో నీళ్ళు చూసే ముసలాయన అన్న ఐడియా రేపు ఎవరైనా వాడుకుంటే నేను చేయగలిగింది పెద్దగా లేదు. ఈ భయంతోనే మొదటి ఏడాది ఎవరికీ కథ చెప్పకుండా దాచుకున్నాను, చెప్పకపోతే ఎలా అమ్ముతావురా అని మా నాన్న ఒక్కరే అడిగారు.

డబ్బు వెనక్కి అడిగితే, రిపోర్టు, డెక్ ఇచ్చేశాం కాబట్టి అది నాన్ రిఫండబుల్ బ్రో అన్నాడు. జరగని నెరేషన్ల వంతు ఇవ్వమని అడుగుతున్నాను. పరిశీలిస్తామన్నారు, ఏడు వారాలైంది. బావమరిది నోటీసు డ్రాఫ్టు రెడీగా పెట్టాడు, దానికి ఫీజు వద్దన్నాడు గానీ సినిమా వస్తే కోర్టు సీను ఒకటి పెట్టమంటున్నాడు.

కథ అమ్ముడుపోలేదు. కూతురు ఆ రాత్రి అక్కడ ఎందుకుందో ఈ మధ్యే దొరికింది, ఐదో బోరుకి అప్పు తెచ్చింది ఆ అమ్మాయి పుస్తెలతాడు తాకట్టు పెట్టి, ఆ సంగతి భర్తకి తెలియదు. దాంతో పదమూడు సీన్లు మారుతున్నాయి, డీటీపీ ఆవిడకి మళ్ళీ పని. సూర్యాపేట కుర్రాడొకడు, రెండు షార్ట్ ఫిల్ములు తీశాడు, మొన్న షాపుకి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడి కథ విన్నాడు. మధ్యలో ఒకావిడ దగ్గు మందు కోసం వచ్చి, మందు తీసుకున్నాక కూడా పోకుండా నిలబడింది.

స్టార్ల లెక్క ఇదీ. రిపోర్టుకి సున్నా, డెక్‌కి సున్నా, ఒంటెకి సున్నా, రెండు నెరేషన్లకి కలిపి అర, మిగతా ఒకటిన్నర టెర్రస్ మీద పెద్దాయనకి. ప్యాకేజీ తీసుకోకుండా ఆయన దగ్గర ఆ ఒక్క పూట మాత్రం డబ్బిచ్చి నేర్చుకోవచ్చా అని ఆఫీసులో అడిగాను, అలాంటి స్కీమ్ లేదన్నారు. లిఫ్టు పనిచేయదు, మూడు అంతస్తులు ఎక్కాక ఇంకో చిన్న ఇనుప మెట్ల దారి ఉంటుంది. సోమవారం ఆయన ఉండరు. ఆఫీసులో అడిగితే చెప్పరు, కింద టీ కొట్టు కుర్రాణ్ణి అడగండి.